పదకొండో ఇంటర్వ్యూలో ఒక వాక్యం

ఈ విషయం మీద ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాశాను. మొదటి మూడూ ప్రాజెక్టు డైరెక్టరుకు, మిగతావి ఆయన పైవాళ్లకు. అన్నీ రిజిస్టర్డు పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకాలు పెట్టిన కార్డులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జనవరి మొదటి వారంలో, కనిగిరిలో సైకాలజీ లెక్చరరుగా ఉన్న నన్ను ఒక పరిశోధనా సంస్థ ప్రాజెక్టుకు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు. నాకంటే పాతికేళ్లు చిన్నవాళ్లకూ అదే హోదా. ఆత్మహత్య చేసుకున్న పత్తి, మిరప రైతుల ఇళ్లలో మిగిలినవాళ్లు ఎలా బతుకుతున్నారో వాళ్ల మాటల్లోనే తెలుసుకోవడం మా పని.

ముందు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు మేడ మీద మూడు వారాల శిక్షణ. సర్వీసంతా ప్రశ్నావళులతో, స్కోర్లతో గడిపినవాణ్ణి. గుణాత్మక పరిశోధనలో ఆ లెక్కలేవీ పనికిరావు. ఒక మనిషికి జరిగినదాన్ని ఆ మనిషి చెప్పిన వరసలో, చెప్పిన మాటల్లో పట్టుకోవాలి. రికార్డరులో ఉన్నదంతా పొల్లుపోకుండా కాగితం మీద పెట్టాలి.

నా మొదటి నమూనా ఇంటర్వ్యూని శిక్షకురాలు అందరి ముందూ ఎర్ర సిరాతో దిద్దింది. నా విద్యార్థినుల వయసే ఉంటుంది ఆమెకు. "మాస్టారూ, పన్నెండు పేజీలుంటే పదకొండు మీరే మాట్లాడారండీ. పాపం ఆవిడ ఆ, ఊ అని ఊరుకుంది" అంది. గదంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆమె అన్నది నిజం. నిద్ర పట్టడం లేదా, దిగులుగా ఉంటోందా అంటూ జవాబులు నేనే అందించాను. "ఆ రోజు పొద్దున్నుంచీ చెప్పండి" అని నోరు మూసుకోవడం నాకు ఆమే నేర్పింది. మౌనం ఎన్ని సెకన్లుందో రాయాలంది, దగ్గు కూడా రాయాలంది. దగ్గెందుకమ్మా అన్నాను. "మిరపఘాటుకి వచ్చే దగ్గు వేరు, ఏడుపు ఆపుకోడానికి దగ్గే దగ్గు వేరండీ. చదివేవాళ్లకి తెలియాలి గదా" అంది.

నాకు సత్తెనపల్లి వైపు ఊళ్లు ఇచ్చారు. పదకొండో ఇంటర్వ్యూ ఇచ్చిన ఆమె పేరు, ఊరు, చేసే పని ఇక్కడ రాయను.

ఇంటర్వ్యూకి ముందు సమ్మతి పత్రం చదివి వినిపించాలి. చెప్పిన మాటల్లో ఏదైనా వద్దనుకుంటే రిపోర్టు అచ్చయ్యేలోపు తీసేయమనవచ్చని అందులో ఒక అంశం ఉంది. ఆమె అక్కడ నన్ను ఆపింది. "నిజంగా తీసేస్తారా, మాటవరసకి అంటున్నారా?" అని అడిగింది. పూచీ నాదమ్మా అన్నాను. సంతకం పెట్టింది.

మొదటి రెండుసార్లు ఆమె అత్త గడపలోనే కూర్చుంది. ఏది అడిగినా అత్తే జవాబు చెప్పింది. మూడోసారి మిరప కల్లంలో కలిశాను. ఆమె రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, దగ్గుతూ, నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. చివర్లో ఒక వాక్యం చెప్పింది. భర్త పోయిన రోజు పొద్దున ఆయన అడిగితే తాను చేసిన ఒక చిన్న పని గురించి. ఏ ఇల్లాలైనా చేసే పనే. ఆ తర్వాత పద్నాలుగు సెకన్లు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. శిక్షణ లేకపోతే, నీ తప్పేం లేదమ్మా అంటూ అడ్డుపడి ఉండేవాణ్ణి.

"ఇది మా అత్తకి తెలవదు, మా బావగారికీ తెలవదు" అంది. "తెలిస్తే నా పిల్లని నా దగ్గరుంచరు." పిల్లకి అప్పుడు పదేళ్లు.

రాసినదాన్ని చెప్పినవాళ్లకే చదివి వినిపించి సరిచూసుకోవడం ఈ పద్ధతిలో ఒక మెట్టు. వారం తర్వాత వెళ్లి చదివాను. ఆ వాక్యం దగ్గరికి రాగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది రాయబాకండి సారూ. మీరు విన్నారుగా, చాలు." ఉపసంహరణ పత్రం మీద సంతకం చేయించి, ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చి, నా కాపీ మీద ఇన్వర్డు నంబరు వేయించుకున్నాను.

ఇక నా సంగతి. అచ్చుకు ముందు ప్రూఫు అందరికీ పంపారు, మూడు రోజుల గడువుతో. నేను ముందు కృతజ్ఞతల పేజీ తిప్పాను. నా పేరు జీపు డ్రైవరు పేరు కింద ఉంది. ఆ కోపంలో రెండు పేజీల ఉత్తరం రాసి పంపాను. ఆ మూడు రోజులూ దానికే సరిపోయాయి. నాలుగో అధ్యాయం తెరవలేదు.

అచ్చయిన రిపోర్టులో ఆ వాక్యం నాలుగో అధ్యాయానికి శీర్షికగా ఉంది. ఊళ్లలో పంచిన తెలుగు సంక్షిప్త పుస్తకంలో మూడో పేజీ మీద, పెద్ద అక్షరాల్లో ఉంది. కింద లక్ష్మి అని మారుపేరు పెట్టి, ఆమె చేసే పని ఉన్నదున్నట్టు రాశారు. ఆ ఊళ్లో ఆ పని చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"మా బావగారు ఆ పుస్తకం తెచ్చి నా ముందు పడేసి, ఇది నువ్వేగా అన్నాడు సారూ. కాదనలేకపోయాను" అని ఫోన్లో చెప్పింది. ఆమెను పుట్టింటికి పంపేశారు. పిల్ల అత్త దగ్గరే ఉండిపోయింది. ఆమె వారానికోసారి బస్సెక్కి వచ్చి, బడి గేటు దగ్గర నిలబడి చూసి వెళుతుంది. పిల్ల మాట్లాడదట. నానమ్మ ఏం చెప్పిందో ఆమె అడగలేదు.

డైరెక్టరుకు ఫోన్ చేశాను. "మాస్టారూ, ఆ వాక్యం తీసేస్తే ఆ చాప్టర్లో ఏముంటదండీ? పేరు మార్చాంగా" అన్నారు. అదే ఆఖరి మాట. కాగితం మీద ఇంతవరకూ ఏమీ అనలేదు.

ఇది రాసేముందు ఆమెను అడిగాను. "మీ గోడు మీరు రాసుకోండి. నా మాట మాత్రం మళ్లా రాయబాకండి" అంది. రాయలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. వినడం మూడు వారాల్లో వస్తుంది. విన్న మాటకు ఆఖరి ప్రూఫు దాకా కాపలా ఉండడం కూడా పద్ధతిలో భాగమే. శిక్షణలో అది చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలిసి ఉండాల్సింది. పూచీ ఇచ్చింది నేను.

కృతజ్ఞతల పేజీ గురించి రాసిన ఉత్తరానికి నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. క్షమాపణ చెప్పి, నా పేరు రెండు వరుసలు పైకి జరిపారు. కాబట్టి ఆ ఆఫీసులో ఉత్తరాలు చదివేవాళ్లు ఉన్నారు. ఇన్వర్డు నంబరు పడిన ఆ పత్రం ఎవరి బల్ల మీదికి వెళ్లింది? చదివి కూడా ఆ వాక్యం ఉంచమన్నది ఎవరు? జవాబు నాకు అక్కర్లేదు. ఆమె పేరున, తెలుగులో, సంతకం పెట్టి రాయండి. ఆ పత్రం మీదున్నది అత్తింటి చిరునామా. పుట్టింటిది నన్నడగండి.