బాపు విమానం దిగేదాకా

మొన్న మా మరిది మస్కట్‌కు బయలుదేరాక, ఉప్పల్‌లో మా వంటింటి గట్టు మీద పెట్టిన ఫోన్‌లో చిన్న విమానం బొమ్మ సముద్రం మీద చీమలా పాకుతూ కనిపించింది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలు అన్నీ దాని కిందే ఉన్నాయి. చూస్తూ చూస్తూ, చిన్నప్పుడు నాచారంలో మేం అద్దెకున్న రెండు గదుల పెంకుటింటికి వెళ్లిపోయాను.

ఫ్యాక్టరీల పొగకు నాకు ఆయాసం వస్తుందని బడి మాన్పించారు. మస్కట్‌లో పనిచేసే మా నాన్న, బాపు, ఉత్తరాల్లోనే లెక్కలు నేర్పేవాడు. "మనింటికి నాకు నడుమ రెండువేల రెండొందల కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిదొందలు పోతది. ఎన్ని గంటలు బిడ్డా?" మూడు గంటలకు కాస్త తక్కువని రాస్తే, మళ్లీ ఉత్తరంలో నాకో నక్షత్రం గీసి పంపేవాడు.

సెలవు అయిపోయి ఆయన వెళ్లిన ఆ ఎండాకాలం పొద్దున, ఇల్లంతా సకినాల పొడి, మామిడికాయ తొక్కు నూనె మరకలు, పెట్టెకు కట్టగా మిగిలిన తాడు ముక్కలు. అయినా నానమ్మ చీపురు ముట్టలేదు. ఊరికి పోయిన మనిషి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడవకూడదు, ఊడిస్తే కీడని ఆమె నమ్మకం. అమ్మ సాగనంపడానికి బేగంపేట వెళ్లింది. క్యాలెండర్ మీద బాపు పెన్సిల్‌తో రాసిపెట్టాడు: ఎక్కేది పది, దిగేది పదకొండూ ముప్పావు. చీమలు బారులు తీరుతుంటే నానమ్మ "దిగిండా? దిగిండా?" అని ఒకటే అడగడం. పన్నెండు కాగానే "దిగిండు నానమ్మా" అన్నాను. నా మూడు గంటల లెక్క గుర్తొచ్చింది గానీ, క్యాలెండర్ మీదిది బాపు చేతిరాత కదా, దాన్నే నమ్మాను.

నానమ్మ ఊడ్చి చేటలోకి చెత్త ఎత్తుతుంటే, ఒకప్పుడు తనూ మస్కట్‌లో పనిచేసొచ్చిన పక్కింటి నర్సింగ్ మామ గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏందత్తా, గప్పుడే ఊడుస్తున్నవ్? టికెట్ల దిగే టైం మస్కట్‌ది, ఆడ గడియారం మనకంటె గంటన్నర ఎనక. నీ కొడుకింకా సముద్రం మీదనే ఉన్నడు!"

చేట జారిపోయింది. నానమ్మ దీపం ముట్టించి దాని ముందు కూర్చుంది, అన్నం ముట్టలేదు. నా మాటకే బాపుకు ఏమన్నా అయితే? మూలన ముడుచుకుని, ఆ విమానాన్ని అరచేతిలో పట్టుకొమ్మని దేవుణ్ని బతిమాలాను.

మూడు దాటాక మామ ఇంట్లో ఫోన్ మోగింది. అప్పుడే తిరిగొచ్చిన అమ్మ, నానమ్మ, నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాం.

"బాపూ, నేనే తప్పు జెప్పిన. నువ్వు దిగకముందే నానమ్మ ఊడ్సింది."

అటునుంచి నవ్వు. "గందుకేనా, మబ్బు తునక లేకుండ తొవ్వంత సాఫున్నది! మల్ల నేనచ్చేనాడు గూడ జర ఊడ్వమను."

చెప్పాను. నానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "పిచ్చోడు" అని నవ్వింది, అంతలోనే ఏడ్చింది. "పా, అన్నం తిందాం" అని నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఇల్లు లేచింది. మామ తొంగిచూసిన గోడ లేదు, నానమ్మ లేదు, బాపు లేడు. ఆ మధ్యాహ్నం చల్లారిన పప్పన్నంలో నానమ్మ మొదటి ముద్ద నాకే పెట్టింది. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు, ఆయన నాకిచ్చినవాటిలో ముందుగా ఆ ముద్దనే తలుచుకుంటాను.