గుర్రం కొట్టానికి దక్షిణపు కిటికీ

గుర్రం కొట్టానికి ఒక్క కిటికీ కోసం మా అత్తవారింట్లో నేను పడ్డ గొడవ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. పొలం గట్టు గురించి పోట్లాడారంటే అర్థం ఉంది, నగల గురించి పోట్లాడారంటే అర్థం ఉంది. గాలి కోసం పోట్లాడిన కోడలిని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, ఎడ్ల మనిషి. ఒకప్పుడు బండలాగుడు పందేలకి తిప్పిన ఒంగోలు గిత్తలు ఉండేవట. నేను కాపురానికి వచ్చేసరికి ట్రాక్టరు వచ్చేసింది, ఆఖరి జత సంతకెళ్ళిపోయింది. ఖాళీ గుంజల వంక చూస్తూ వసారాలో చుట్ట మీద చుట్ట కాల్చేవారు. "పశువు లేని ఇల్లు ఇల్లేనా అమ్మాయ్?" అని నన్ను నిలదీసేవారు, ఆ ట్రాక్టరేదో నేను కొనుక్కొచ్చినట్టు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన చీరాలలో ఒక పెళ్ళికి వెళ్ళి, మినీ లారీలో తెల్ల ఆడగుర్రాన్ని ఎక్కించుకుని వచ్చారు. పెళ్ళికొడుకులని ఊరేగించే గుర్రమది. అందరూ పూలు కట్టిన కార్లెక్కడం మొదలుపెట్టాక దాన్ని మేపలేక ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నారట దాని యజమాని. ఊరంతా మా దొడ్లోకి వచ్చిపడింది.

"ఏంది బావా, గుర్రమెక్కి మిరపతోట కాస్తావా ఏంది?" అన్నాడు పక్కింటాయన.

"నీకెందుకురా కడుపుమంట? కావాలంటే నిన్నూ ఎక్కిస్తాలే," అన్నారు మావయ్య. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

దానికొక అలవాటు ఉండేది. ఎక్కడ బ్యాండు మేళం వినపడినా, మా టీవీలో పెళ్ళి పాట వచ్చినా సరే, చెవులు నిక్కబొడుచుకుని కాళ్ళు ఎత్తెత్తి వేసేది. నేను ఉలవలు ఉడకేసి గుగ్గిళ్ళు పెడితే నా అరచేయి మొత్తం నాకి, ఇంకా ఉన్నాయా అని కొంగు లాగేది. ఆ ఇంట్లో నన్ను చూసి ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. దాన్ని నేను ప్రేమించాను, అందులో దాపరికం ఏముంది.

దానికి కొట్టం కట్టాలన్నారు. పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ పడగొట్టిన ఇటుక ఎలాగూ ఉంది. మావయ్య పుల్లతో కల్లంలో గీతలు గీసి, ఇక్కడ గాడి, ఇక్కడ తలుపు అని నాకు చూపించారు. మా పుట్టిల్లు చీరాల దగ్గర, సముద్రపు గాలి ఆడని గది మా ఇంట్లో ఉండదు. అందుకని, "దక్షిణపు గోడకి పెద్ద కిటికీ పెట్టండి మావయ్యా. సాయంత్రం పైరగాలి నేరుగా దాని ముఖానికి కొడుతుంది," అన్నాను. "అలాగే అమ్మాయ్," అని ఆయనే అక్కడ ఇంకో గీత గీశారు.

ఆ గీత మర్నాటికల్లా చెరిగిపోయింది. సిద్ధాంతి గారు వచ్చారు.

ఆ రోజుల్లో మా వైపు వాస్తు పిచ్చి ఎలా ముదిరిందో ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. బంగారం లాంటి నీళ్ళున్న బావిని, ఆగ్నేయంలో ఉందని, మట్టి పోసి పూడ్చేశారు. మేడ మెట్లు పడగొట్టి ఇంకో మూల కట్టారు. ఇంటికి దక్షిణాన ఉన్న కిటికీలన్నీ మూయించారు. ఎండాకాలం కరెంటు పోతే ఆ ఇంట్లో మనుషులం ఇడ్లీల్లా ఉడికేవాళ్ళం. పంట పోయినా, పిల్లలు పరీక్ష తప్పినా, గేటు జరపమనేవారు సిద్ధాంతి గారు. జరిపేవారు వీళ్ళు.

ఆయన మా దొడ్డి అంతా కలియతిరిగి, పశువుల చోటు వాయవ్యమే, అక్కడే కట్టండి, పడమరకీ దక్షిణానికీ చిన్న కన్నం కూడా ఉండకూడదు అని తేల్చేశారు. "దక్షిణం గోడ తెరిస్తే యజమానికి ప్రాణగండం," అన్నారు. యజమాని అంటే మావయ్యే. ఆయన ముఖం నల్లబడిపోయింది. ఇక కిటికీ మాట ఎత్తనిస్తేగా?

నేను ఎత్తాను. "బ్యారన్‌లో ఆకు ఎండేసినట్టు దాన్ని కూడా ఎండేస్తారా?" అన్నాను. "కోడలు పిల్లవి, నీకెందుకమ్మా ఈ సంగతులు," అంది అత్తయ్య. మా ఆయన నన్ను పక్కకి లాగి, "నాన్న ప్రాణం కంటే గుర్రం ఎక్కువా నీకు?" అన్నారు. ఇదీ వరస. గాలి అడిగితే మామగారి చావు కోరుకున్నట్టు.

కొట్టం లేచింది. ఉత్తరాన పక్కింటి ప్రహరీ గోడ. దక్షిణం, పడమర మూసిన గోడలు. తెరిచింది తూర్పు వైపు తలుపొక్కటే, ఆ తలుపు ఎదురుగా మా మిరప కల్లం. కాయలు కోతకొచ్చాక అక్కడే ఎండబోసి, అక్కడే తాలు కాయలు ఏరి, అక్కడే బస్తాలకి తొక్కేవాళ్ళు. కూలికొచ్చిన ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తుమ్ముతూ పని చేసేవాళ్ళు. గుర్రానికి ముక్కు గుడ్డ ఎవరు కడతారు? ఆ దుమ్మంతా తలుపులోంచి లోపలికి పోయేది. పోయింది మళ్ళీ బయటికి వచ్చే దారేది?

అది దగ్గడం మొదలుపెట్టింది. పొద్దున్నే పొలం గట్ల వెంట తిప్పుకొస్తే బాగుండేది, తెచ్చి కొట్టంలో కట్టగానే మళ్ళీ అందుకునేది. నాలుగు రోజులు గమనించి అదే మాట చెప్పాను. అత్తయ్య దిష్టి తగిలిందంది. ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. తలుపుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. మిరప ఘాటుకి ఊపిరాడని గుర్రానికి మిరపకాయలు కట్టారండీ! నవ్వాలో ఏడవాలో తెలియక నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ విసిరేశాను.

ఒకరోజు మా వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది, బ్యాండు మేళంతో సహా. కొట్టం దగ్గరికి పరిగెత్తాను. గుర్రం చెవులు కదిపింది. కాలు మాత్రం ఎత్తలేదు.

మావయ్యకి గుర్రం మీద ప్రేమ లేదని నేను అనను. చేత్తో దాని జూలు దువ్వేవారు, మేత ముట్టకపోతే తనూ అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఆ ప్రేమ ఉండి కూడా గోడ జోలికి పోలేదే, అదే నాకు కోపం. ప్రేమ లేనివాళ్ళయితే ఇంత మండేది కాదు.

ఆ వేసవి మొదట్లో మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆకాశం మూసుకొచ్చింది. కల్లం నిండా ఎండిన కాయలు. చినుకు పడితే రంగు పోతుంది, రంగు పోతే మిర్చి యార్డులో ఎవడూ ముట్టడు. ఇల్లంతా ఉరుకులు పరుగులు. నేను ఇంటి వెనక నుంచి కాయల మీద కప్పే పట్టాలు మోసుకొచ్చేసరికి, వాళ్ళు కాయల్ని బుట్టలతో ఎత్తి కొట్టంలో పోసేశారు. జల్లు కొట్టకుండా తలుపు కూడా గట్టిగా వేశారు.

"గుర్రమేదీ?" అన్నాను.

మావయ్య చేతిలో బుట్ట కింద పడేసి కొట్టం తలుపు వైపు తిరిగారు.

తలుపు లాగితే ఘాటు నా ముఖాన కొట్టింది. గుర్రం గోడకి ఆనుకుని, మెడ ముందుకి చాచి, ముక్కుపుటాలు చించుకుంటున్నట్టు తెరిచి నిలబడి ఉంది. డొక్కలు ఎగసెగసి పడుతున్నాయి. పలుపు కోసి వానలోకి లాక్కొచ్చాను. కాయలు దాని డెక్కల కింద నలిగాయి. అది కూలబడిపోతుందేమోనని మెడ పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి దాని ఊపిరి కాస్త నెమ్మదించింది.

వాన వెలిశాక గునపం తీసుకున్నాను. మావయ్య దక్షిణపు గోడకి అడ్డం వచ్చారు.

"అమ్మాయ్, వద్దు. నా ప్రాణం మీదికి తెస్తున్నావు."

"మీ గండం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు మావయ్యా? దాని గండం వచ్చేసింది. తప్పుకోండి," అన్నాను.

తప్పుకున్నారు. ఎందుకు తప్పుకున్నారో నాకు తెలియదు, బహుశా గునపం చూసే అయ్యుంటుంది. చేతులు బొబ్బలెక్కేదాకా పొడిచాను. గుర్రం తల పట్టేంత కన్నం పడింది. అంచులన్నీ మొక్కజొన్న పొత్తు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఆ సాయంత్రం పైరగాలికి అది తల బయటపెట్టి కళ్ళు మూసుకుంది.

కానీ లోపల పాడైంది మళ్ళీ బాగుపడలేదు. ఆ తరవాత రెండు వేసవులు బతికింది. ఎప్పుడు చూసినా ఆ కన్నంలోంచి తల బయటపెట్టుకునే ఉండేది. పోయిన రోజు కూడా అలాగే ఉంది, సాయంత్రానికి కిందికి జారింది. మావయ్య దాన్ని మా పొలంలోనే పూడ్పించి, రెండు రోజులు ఖాళీ కొట్టం గుమ్మంలోనే కూర్చున్నారు. ఆయనకి కాఫీ కూడా నేను ఇవ్వకుండా అత్తయ్య చేత పంపాను.

కొన్నేళ్ళకి మావయ్యకి ఆయాసం పట్టుకుంది. గుంటూరు డాక్టరు చుట్ట మానమన్నాడు. మా ఇంట్లోవాళ్ళు చుట్ట మాట వదిలేసి కిటికీని పట్టుకున్నారు. గోడ పగిలింది, గండం వచ్చిందని నా వైపు చూపులు. మా ఆయన సిద్ధాంతి గారిని మళ్ళీ పిలుచుకొచ్చారు. "నేనానాడే చెప్పాను. ముందది మూయించండి," అన్నారాయన. మేస్త్రీ వచ్చాడు, ఇటుకలు వచ్చాయి, సిమెంటు కలిపారు.

అంతా కలిసి కొట్టంలోకి వెళితే అక్కడ మావయ్య ఉన్నారు. ఇంట్లో గాలాడక, నులక మంచం తెచ్చి ఆ కన్నం కిందే వేసుకున్నారు. మేస్త్రీని చూసి లేచి కూర్చున్నారు.

"దాని జోలికి రాకండ్రా," అన్నారు రొప్పుతూ. "అది మూస్తే నేను చస్తాను. అమ్మాయ్, నువ్వన్నా చెప్పు వీళ్ళకి. ఇక్కడైతేనే నాకు ఊపిరాడుతోంది."

"గుర్రం కూడా అదే చెప్పింది మావయ్యా," అన్నాను. "మీరెవరూ వినలేదు."

సిద్ధాంతి గారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. కలిపిన సిమెంటు గట్టిపడక ముందే ఆ అంచులు నున్నగా చేసి వెళ్ళమన్నాను మేస్త్రీని. అతను తాపీ తీసేలోపు, ఇటుకల గరుకులో ఇరుక్కున్న తెల్ల వెంట్రుకల్ని ఒక్కొక్కటే ఏరుకుని కొంగున ముడేసుకున్నాను.