మూడో పార్టీ పెద్దమ్మ

అప్పట్లో మా ఇంట్లో కారున్న వాళ్లు ఒక్కరూ లేరు, కారు గురించి తెలియని వాళ్లూ ఒక్కరూ లేరు. నాకు కళింగపట్నం దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. రోజూ శ్రీకాకుళం నుంచి సర్వీసు ఆటోలో, ముగ్గురు పట్టే సీట్లో అయిదో మనిషిగా వేలాడుతూ వెళ్లొచ్చేదాన్ని. ఒక చిన్న పాత కారు కొనుక్కుని నేర్చుకుంటానని ఒకరోజు అన్నం తింటూ అన్నాను. ఆ మాటతో అన్నం పక్కకి పోయి సభ మొదలైంది. నాన్న తెల్లరంగే కొనాలన్నారు, అమ్మేటప్పుడు తొందరగా పోతుందట (ఇంకా కొననేలేదు). అమ్మ, శ్రీకూర్మం తీసుకెళ్లి పూజ చేయించేదాకా అందులో ఎవరూ ఎక్కకూడదంది. ఎవరూ ఎక్కకుండా అది శ్రీకూర్మం ఎలా వెళ్తుందో మాత్రం చెప్పలేదు. అక్క మొగుడు, అంటే మా బావ, అందరి మాటలూ అయ్యేదాకా ఆగి మీసం తుడుచుకుని, "ఇరవయ్యేళ్లుగా స్టీరింగు పట్టుకున్న సెయ్యిది మరదలా. బండి నాను సూస్తాను, నేర్పడం కూడా నానే నేర్పుతాను" అన్నాడు. ఎవరి స్టీరింగు, ఎక్కడ పట్టుకున్నావు అని మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు.

అలా మా బావా నేనూ విజయనగరం వెళ్లి పాత కార్లమ్మే చోట రెండు ఆదివారాలు తిరిగాం. అక్కడ నాకు తెలిసిందేమంటే, ఈ రెండు జిల్లాల్లో అమ్మకానికొచ్చిన ప్రతి కారూ ఒక డాక్టరుగారు వాడిందే. ఆయన దాన్ని వారానికోసారి మాత్రమే బయటికి తీసేవారు, అదీ గుడికే. ఇంతమంది డాక్టర్లు ఇన్నిసార్లు గుళ్లకి పోతుంటే రోగుల్ని ఎవరు చూశారో నాకిప్పటికీ అర్థం కాదు. బావ పరీక్ష చేసే పద్ధతి గంభీరంగా ఉండేది. ముందు టైరుని కాలితో తన్నేవాడు. తర్వాత బానెట్ ఎత్తించి, లోపలికి తొంగిచూసి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కి అమ్మేవాడు కంగారుపడి ధర కొంచెం తగ్గించేవాడు. చివరికి వంకాయరంగు బుల్లి కారొకటి కుదిరింది. దానికి బావ "ఊఁ" కొంచెం పొడుగ్గా అన్నాడు, అదొక్కటే తేడా.

ఇక ఇన్సూరెన్సు. మా స్కూల్లో లెక్కల మాస్టారు బడి వేళల్లో లెక్కలూ, మిగతా వేళల్లో పాలసీలూ చెప్పేవారు (ఏది ఎప్పుడు చెబుతున్నారో పిల్లలక్కూడా ఒక్కోసారి తెలిసేది కాదు). మేమంతా ఆయన్ని పాలసీ మాస్టారనేవాళ్లం. ఖాళీ పీరియడ్‌లో నన్ను కూర్చోబెట్టి బోర్డు మీద మూడు సున్నాలు చుట్టారు. మొదటి పార్టీ నువ్వమ్మా, రెండో పార్టీ మా కంపెనీ, మూడో పార్టీ యావత్ ప్రపంచం అన్నారు. ప్రపంచానికి నష్టం చేస్తే ఇచ్చే పాలసీ చవక, చట్టం ప్రకారం తప్పనిసరి. మన బండికి కూడా కావాలంటే ఇంకొంచెం కట్టాలి. కొత్తగా నేర్చుకునేదానివి, రెండూ తీసుకో, పాత బండి అని చులకన చెయ్యకు అన్నారు. అది నిజంగా మంచి సలహా. ఇంకోటి కూడా చెప్పారు. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి, పక్కన కారు లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుందని. బావ ఉన్నాడు కదా అని నేను ధీమాగా సంతకం పెట్టేశాను.

మూడో ఆదివారం ఉదయం కళింగపట్నం బీచి రోడ్డు మీద నేర్చుకుంటున్నాం. రోడ్డు పక్కన వలలు పరిచి నెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఎండబెట్టారు. ఎదురుగా ఒక ఆవు వచ్చింది. బావ బ్రేకన్నాడు. నేను నొక్కింది బ్రేకు కాదు. కారు రోడ్డు దిగి, నెత్తళ్ల మీదుగా మెత్తగా, పరుపు మీద నడిచినట్టు నడిచి, ఒడ్డున బోర్లించిన తెప్పకి గుద్దుకుని ఆగింది. ముందు బంపరు ఊడి ఇసకలో పడింది. పక్కకి చూస్తే బావ సీట్లో లేడు. తలుపు తీసుకుని అప్పటికే ఆవుకన్నా దూరంలో ఉన్నాడు.

నెత్తళ్లు ఒక పెద్దమ్మవి. నుదుట రూపాయంత బొట్టు, చేతిలో కాకుల్ని తోలే కర్ర. అది నా మీదికి లేస్తుందనుకున్నాను. ఆవిడ ముందు నన్ను దింపి, దెబ్బలేమైనా తగిలాయా అని తడిమి చూసి, ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. నేను పాలసీ మాస్టారి పాఠం అప్పజెప్పాను. నీ చేపలకి భయం లేదు పెద్దమ్మా, నువ్వు మూడో పార్టీవి, కంపెనీ చూసుకుంటుందన్నాను. ఆవిడ తిట్లాపేసి నన్ను వింతగా చూసింది.

"మూడో పార్టీ నానేటి? సేపలు నావి. ఎండబెట్టినది నాను. తెల్లారగట్లనుంచి ఇక్కడున్నది నాను. మజ్జిలో వొచ్చినదానివి నువ్వు. మూడోది నువ్వే టీచరమ్మా."

సోమవారం మాస్టారు క్లెయిమ్ కోసం బావ లైసెన్సు కాగితం తెమ్మన్నారు. బావ రెండ్రోజులు బీరువాలు వెతికాడు. మూడోరోజు అక్క నిలదీస్తే, లైసెన్సు ఉన్నాదే గానీ అది స్కూటరుకని ఒప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ల స్టీరింగు వాళ్ల ఊళ్లో ట్రాక్టరుదట, అదీ పొలం దమ్ము పట్టేటప్పుడు. మీరేనాడైనా ఏ బండికని అడిగితే కదా అని ఎదురు మా మీదే అలిగి, ఆ పూట అన్నం మానేశాడు. మాస్టారు మాత్రం చలించలేదు. తన జేబులోంచి కారు లైసెన్సు తీసి, మీ బావ బదులు నేను పక్కన కూర్చున్నట్టు రాసేద్దామమ్మా, ఒక్క వాక్యమే కదా అన్నారు. నేను రాశాను. గొప్పలు పోకుండా చెబుతున్నాను, చేతిరాత కూడా చెడకుండా రాశాను. ఇక కావలసింది సాక్షిగా పెద్దమ్మ వేలిముద్ర.

సాయంత్రం కాగితం పట్టుకుని వెళ్లాను. ఆవిడ వేలు చాపి, అంతలోనే వెనక్కి తీసుకుని, "ఏటి రాసినావో ముందు సదువు" అంది. తారీఖు చదివాను. బండి నంబరు చదివాను. నెత్తళ్లు, తెప్ప, బంపరు అన్నీ చదివాను. ఆ తర్వాతిది పక్కన మాస్టారు కూర్చున్నారన్న వాక్యం. రోజూ అరవైమంది పిల్లల ముందు గలగలా చదివేదాన్ని, ఆ ఒక్క ముక్క చదవలేకపోయాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చింపేసి, అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "పరిగెట్టినాయన సెయ్యి కన్నా కాలు మంచిదిలే" అంది. నా నెత్తళ్లకి నీ కంపెనీ ఎందుకు, కారుంది కదా, ఆదివారాలు గంపలు శ్రీకాకుళం బజారులో దించు అని తీర్పు కూడా చెప్పింది. ఆవిడ కొడుకు వ్యాను డ్రైవరు, అసలైన లైసెన్సున్నవాడు. పక్కన వాడు కూర్చోవాలని నిర్ణయమైంది. బంపరుని వల అల్లే తాడుతో వాడే కట్టాడు. చివరిదాకా ఆ కట్టు ఊడలేదు.

అలా నేను డ్రైవింగు నేర్చుకున్నాను. కారంతా ఎండుచేపల వాసన పట్టి, అమ్మ అందులో ఎక్కడం మానేసింది. మాస్టారు మాత్రం నాలుగు నెలల పాటు నన్ను చూసినప్పుడల్లా, ఒక్క వాక్యమమ్మా అని నిట్టూర్చేవారు. నాకు గుర్తుండిపోయింది ఒక ఆదివారం. గంపలతో పెద్దమ్మ వెనక, కొడుకు పక్కన. ఎప్పుడూ సీటు గట్టిగా పట్టుకుని దేవుళ్లని పిలిచే పెద్దమ్మ గొంతు వినపడక అద్దంలోకి చూస్తే, గంప మీద తల ఆనించి నిద్రపోతోంది. లేపకూడదని రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఇరవై దాటకుండా, వెనక ఆటోలన్నీ హారన్లు కొట్టి తిడుతుంటే ఊరిదాకా అలాగే నడిపాను. అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముచ్చటేస్తుంది కూడా. ఇప్పుడు నా చేతిలో మంచి కారుంది, ఒంటిచేత్తో ఎనభైలో నడుపుతాను. నా బండిలో ఎవరికీ నిద్ర పట్టదు.