తాళంచెవులన్నీ పెసర్లలో: కరీంనగర్ నుంచి ఉట్నూరుకు ఒక బస్సు ప్రయాణం

నాకు మూర్ఛ ఉంది. జనం ఫిట్స్ అంటారు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మొదలైంది. మాత్రలు క్రమంగా వేసుకుంటే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పలకరించి పోతుంది. ఉన్నంతసేపు నాకేమీ తెలియదు కాబట్టి ఆ భయమంతా మా అవ్వే, అంటే అమ్మే, పడుతుంది. కరీంనగర్‌లో మా ఇంటి బాత్‌రూమ్ తలుపుకు లోపలి గడియ ఎప్పుడో పీకేశారు. నేను స్నానానికి పోతే అవ్వ బయట కుర్చీ వేసుకుని కూరగాయలు తరుగుతుంది, రెండు నిమిషాలకోసారి "ఉన్నవా?" అంటుంది. ఎక్కడికి పోతానమ్మా, సబ్బులో కరిగిపోతానా అని విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

అలాంటి ఇంట్లో ఉండగా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు కొలువు వచ్చింది. ఉండడానికి హాస్టల్లోనే గది. నా సంగతి ఫోన్లోనే చెప్పాను. "మాత్రలు వేసుకుంటున్నరు కదా, ఇంకేం ఇబ్బంది?" అన్నారు పెద్ద మేడమ్. డాక్టరు కూడా నిరభ్యంతరంగా పొమ్మన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, మా ఇంట్లో పూజారి అవ్వ. వారం రోజులు బతిమాలాక ఒక షరతు పెట్టింది. "ఒక్కదానివే పోయి బడి చూసి రా. తొవ్వల ఏం కాకుంటే పంపుత. ఏమన్న అయిందా, మళ్ల గా కొలువు ముచ్చట నా ముందల తియ్యద్దు." బాపు పేపరు వెనక నుంచి దగ్గాడు. అది ఎవరి వైపు దగ్గో నాకిప్పటికీ తెలియదు.

వానాకాలం వెళ్లి చలి ఇంకా మొదలవని రోజులు. ఆ తొవ్వ చూడాలంటే ఇదే మంచి కాలం. పొద్దున ఆరు దాటాక కరీంనగర్ బస్టాండులో ఉట్నూరుకు నేరుగా పోయే బస్సు దొరికింది. దొరక్కపోతే లక్సెట్టిపేట దాకా పోయి మారవచ్చు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి టికెట్ గురించి కాదు, సీటు గురించి ఫికర్ పెట్టుకోవాలి. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కన యాభై ఏళ్ల ఆమె ఒకరు మూతి కట్టని గుడ్డసంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. పేరు రాజవ్వ, చొప్పదండి దగ్గరి ఊరు. ఉట్నూరులో ఉన్న చెల్లెలికి చేనులో పండిన కొత్త పెసర్లు తీసుకుపోతోంది.

పక్క సీటు వాళ్లకు ముందే చెప్పమని డాక్టరు ఎప్పుడూ అంటాడు. చెప్పడం తేలిక కాదు. విన్నవాళ్లు మెల్లగా సీటు మారతారు, లేదంటే తమ మేనమామ కొడుక్కి ఏ ఊళ్లో తాయెత్తు కట్టిస్తే తగ్గిందో దిగేదాకా చెబుతారు. గొంతు సవరించుకుని చెప్పేశాను. "పెద్దమ్మా, నాకు ఫిట్స్ వస్తాయి. వస్తే పరేషాన్ కావద్దు. ఒక పక్కకు తిప్పి పండబెట్టి, తల కింద ఏదన్నా మెత్తటిది పెట్టండి. నోట్లో ఏమీ పెట్టద్దు, చేతిలో ఇనుము పెట్టినా లాభం లేదు. ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. ఐదు నిమిషాలైనా ఆగకపోతే మాత్రం దవాఖానకు తీసుకుపోవాలి."

రాజవ్వ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి రెండు పాలిథిన్ కవర్లు తీసి చూపించింది. "నాకు బస్సు ఎక్కితే వాంతులైతయ్ బిడ్డా. నీకు ఫిట్స్ అస్తయ్. ఎవరికి ముందుగాల అస్తదో చూద్దాం." అంత హాయిగా నా జబ్బు గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. నవ్వు ఆపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను.

ధర్మారం దాటాక ఆమె మొదటి కవరు అయిపోయింది. రాయపట్నం వంతెన మీద గోదావరి నిండుగా ఉంది. బస్సులో సగం మంది కిటికీల్లోంచి చిల్లర విసిరారు, రాజవ్వ మూతి తుడుచుకుంటూనే ఒక రూపాయి విసిరింది. లక్సెట్టిపేటలో బస్సు కాసేపు ఆగితే ఇద్దరం అల్లం చాయ్ తాగాం. అక్కడి బస్టాండు ముందు వేడి మిర్చీలు దొరుకుతాయి, కానీ రాజవ్వ లాంటివాళ్లు పక్కనుంటే కొనకండి. జన్నారం నుంచి అసలు అడవి మొదలవుతుంది. రెండు వైపులా టేకు చెట్లు, రోడ్డు మీద పొద్దుటి ఎండ చారలు చారలుగా పడుతుంది. కిటికీ అద్దం పూర్తిగా తీసి మొహం గాలికి పెట్టాను. ఎవరూ "ఉన్నవా?" అని అడగని మొదటి పొద్దు అది. సంతోషంతో రాత్రంతా సరిగా నిద్రపోలేదు కూడా. నిద్ర తక్కువైతే నా జబ్బుకు మహా ఇష్టమని తెలిసీ ఆ సంగతి మరిచిపోయాను.

నాకు ముందుగా కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఎక్కడా ఏదీ కాలదు, అది నా మెదడు చేసే మాయ. వాసన తగలగానే రాజవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ తర్వాత జరిగింది ఆమె చెప్పిందే.

మన దగ్గర ఎవరికైనా ఫిట్స్ వచ్చాయంటే అందరి చేతులూ జేబుల్లోకి పోతాయి. తాళంచెవుల కోసం. ఇనుము చేతిలో పెడితే తగ్గుతుందని నమ్మకం. డ్రైవరు బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు, తాళంచెవి పీక్కుని పరుగెత్తుకొచ్చాడు. ముందు సీట్లోవాళ్లు మోటారు సైకిల్ తాళంచెవులు, వెనక సీట్లోవాళ్లు ఇంటి గుత్తులు, ఒకాయన ఉల్లిగడ్డ. రాజవ్వ నన్ను పక్కకు తిప్పి తల తన ఒళ్లో పెట్టుకుంది. ఎవరు ఏది నా పిడికిట్లో కుక్కినా లాగేసి, ఎక్కడ పెట్టాలో తోచక, కాళ్ల మధ్య ఉన్న సంచిలోకి వేసేసింది. "ఏం పెట్టద్దన్నది పిల్ల. మీరెవ్వలు పెట్టెటందుకు?" అని గదమాయించిందట. జనం ఆగలేదు. ఆమె కూడా ఆగలేదు.

కళ్లు తెరిచేసరికి తల బరువుగా ఉంది, నాలుక కొంచెం కొరుక్కున్నాను, ఒళ్లంతా నొప్పి. నా మీద ఎవరిదో శాలువా ఉంది. బస్సు ఆగి ఉంది. నా వల్లే అందరికీ ఆలస్యం అయిందని కళ్లనీళ్లు తిరిగాయి. క్షమించమని అడగబోతుంటే డ్రైవరు అన్నాడు, "నువ్వు లేచి చానసేపైంది చెల్లె, మళ్ల పండుకున్నవ్. నీ ఫిట్స్ ఎప్పుడో ఆగినయ్. బండే కదులుతలేదు. నా తాళంచెవి పెసర్లల్ల ఉన్నది."

చూస్తే నడవలో ఒక దుప్పటి పరిచి ఉంది. దాని మీద పెసర్లు కొంచెం కొంచెంగా పోస్తూ బస్సు బస్సంతా వంగి వెతుకుతోంది. దొరికిన గుత్తినల్లా కండక్టరు పైకెత్తి "ఇది ఎవలది?" అని అడుగుతున్నాడు. ఉల్లిగడ్డ కూడా అందులోంచే బయటపడింది. రాజవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒక్క గింజ కింద పోయిందో ఊకోను. మా చెల్లెకు తీస్కపోతున్న" అని కాపలా కాస్తోంది. బస్సు తాళంచెవి అన్నిటికన్నా అడుగున దొరికింది. డ్రైవరు దాన్ని ఊది, పెసర పొట్టు దులిపి, "ఇనుము చేతుల పెడితే తగ్గుతదని మా అవ్వ చెప్తుండె" అన్నాడు. "నాకూ మా అవ్వ గట్లనే చెప్పింది. పిల్ల మాత్రం వద్దన్నది. చూస్తే దానంతటదే తగ్గె" అంది రాజవ్వ. బస్సు కదిలాక కాసేపు నవ్వుతూనే ఉన్నారు. నన్ను చూసి కాదు. అందరితో పాటు నేనూ నవ్వాను.

అప్పుడు రాజవ్వ నా ఫోను నా చేతికిచ్చింది. "మీ అవ్వ చేసింది. పండుకున్నదని చెప్పిన. అబద్ధం కాదు కదా, పండుకునే ఉంటివి. మిగిలింది నీ నోటితోని చెప్పుకుంటవో, ఊకుంటవో నీ ఇష్టం." కొలువు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఊరుకుంటే కొలువు నాది. నోరు విప్పితే షరతు తప్పినట్టే.

ఉట్నూరులో దిగాక రాజవ్వ నన్ను వదల్లేదు. బస్టాండు నుంచి చెల్లెలి ఇంటికి ఆటోవాడు ఇద్దరికీ కలిపి నలభై రూపాయలు తీసుకున్నాడు. ముందు డాక్టరుకు ఫోన్ చేశాను. నిద్రపో, మాత్ర మానకు, తిరిగి రాగానే వచ్చి కనపడు అన్నాడు. పడుకుని లేచేసరికి ఆ చెల్లెలు పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది, పక్కన మూకుట్లో శనగపిండితో చేసిన పిట్ల. "రొట్టె ఆరితే చెక్క లెక్క అయితది, వేడిమీదనే తిను బిడ్డా" అంది. మూడు తిన్నాను. ఆ వైపు పోయినవాళ్లు హోటల్లో అన్నం అడగకుండా, రొట్టె, పిట్ల ఎక్కడ దొరుకుతాయని అడగండి.

మధ్యాహ్నం బడికి పోయాను. పొద్దున ఏం జరిగిందో పెద్ద మేడమ్‌కు చెబితే నా గది కింది అంతస్తుకు మార్పించింది, తోడుండే వార్డెన్‌ను పిలిచి ఏం చేయాలో నా చేతే చెప్పించింది. కిటికీలోంచి గుట్టలు కనిపిస్తున్నాయి. ఆ గది నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను. మంచం మీద కూర్చుని చాలాసేపు ఫోను చూశాను. దాస్తే ఈ ఒక్కసారితో పోదు, ఇక్కడ ఉన్నన్నాళ్లూ వచ్చిన ప్రతిదాన్నీ దాస్తూ బతకాలి. అవ్వకు ఫోన్ చేసి, "అవ్వా, బస్సుల ఫిట్స్ అచ్చినయ్" అన్నాను.

అవ్వ వెంటనే, "నిన్నెవలు పట్టుకున్నరు?" అంది.

"పక్క సీటామె."

"ఎవలామె? మనకు తెలిసినామెనా?"

"కాదవ్వా. గిప్పుడే కలిసింది."

"ఎవలో తెల్వనామె పట్టుకున్నదా నిన్ను?" అని అవ్వ మళ్లీ అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒళ్లో పడుకోబెట్టుకోవడం, చేతులు అదిలించడం, పెసర్లు, అన్నీ. వింటూ వింటూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది, మళ్లీ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చాలాసేపటికి ముక్కు ఎగబీల్చుకుని అడిగింది, "ఆదిలాబాద్ దిక్కు చలి చాన ఉంటదంటరు. రెండు దుప్పట్లు సరిపోతయా, మూడు పెట్టాల్నా?"

మూడు పెట్టమన్నాను.

అవ్వకు ఇన్నాళ్లూ ఉన్న భయం నా జబ్బు గురించి కాదని నాకు ఆ గదిలోనే తెలిసింది. తాను లేని చోట నన్ను పట్టుకునే చెయ్యి ఉండదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను, అందుకే ఇన్నేళ్లు గడప దాటలేదు. ఏమీ జరగని ప్రయాణాన్ని ఎవరూ హామీ ఇవ్వలేరు, నాలాంటి వాళ్లకు అసలే ఇవ్వలేరు. అయినా పోవచ్చు. ఆ తొవ్వ బాగుంటుంది. మీరు నాలాంటివాళ్లయి ఆ వైపు పోవాలనుకుంటే ముందురోజు రాత్రి కడుపునిండా నిద్రపోండి, మాత్రలు పెద్ద బ్యాగులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, బస్సు కదలకముందే పక్కనున్న మనిషి వైపు తిరిగి మీ సంగతి చెప్పండి. సీటు మారేవాళ్లు మారతారు. వాళ్ల జాగాలో ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, వాళ్లకూ చెప్పండి.