పొట్లకాయ చివర రాయి

కిందటి సోమవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. ఆ బండి అమ్మాయి మామూలుగా ఏడింటికి గాని రాదు. చేతిలో కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి గేటు దాకా వెళ్లేసరికి పచ్చి పొట్లకాయ వాసన ముక్కుకి తగిలింది. అది తెలియనివాళ్లకి చెప్పడం కష్టం. కొందరికి అసలు పడదు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఏ రోజైనా సోమవారంలాగే ఉంటుంది. ఆ రోజు నిజంగా సోమవారమే. కాయలు నిటారుగా, బారుగా ఉన్నాయి. ఒకదాని చివర పురికొస, పురికొసకి గులకరాయి.

"అయ్యో, రాయి ఉండిపోయింది మామ్మగారూ! తూకంలో కలిపేస్తున్నాననుకునేరు, తీసేస్తా ఉండండి."

"తియ్యకమ్మా. ఎక్కడి కాయలివి?"

"కంకిపాడు అవతల ఎవరో కొత్తగా పందిరేశారంటండీ. మా ఆయన తెచ్చాడు."

పొట్లకాయ తనంతట తాను పెరిగితే పాములా మెలితిరుగుతుంది. పిందెగా ఉన్నప్పుడే చివర చిన్న రాయి కడితే ఆ బరువుకి తిన్నగా దిగుతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదవలేదు. శేషారత్నం పిన్నిగారి వంటింటి గుమ్మంలో తెలుసుకున్నాను.

నలభై ఒక్క ఏళ్ల కిందట, ఆషాఢంలో, మేం విజయవాడ వన్ టౌన్‌లో ఒక గోడౌను వెనక ఐదు వాటాల ఇంట్లో అద్దెకు దిగాం. ఇంటావిడ శేషారత్నం గారు. చల్లపల్లి దగ్గరి వ్యవసాయ కుటుంబం ఆడపడుచు, భర్త పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. అద్దెకున్న ఆడవాళ్లందరం పిన్నిగారు అనేవాళ్లం. నేను అప్పుడే బడిలో లెక్కల టీచరుగా చేరాను. ఉద్యోగం, వంట రెండూ సాగాలంటే వారానికి సరిపడా ముందే ఆలోచించుకోవాలని, ఏ రోజు ఏ కూరో ఆదివారమే నిర్ణయించుకునేదాన్ని. దిగిన మర్నాడు సోమవారం. పొద్దున్నే బజారుకి బయల్దేరుతుంటే ఆవిడ అరుగు మీంచి పిలిచారు.

"ఎక్కడికమ్మాయ్?"

"బెండకాయలకండీ. సోమవారం బెండకాయ అని అనుకున్నాను."

"ఆ సంగతి బెండకాయకి చెప్పావా?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ నవ్వి, లోపలికి రమ్మని సైగ చేశారు. వంటింటి ముందు గోనెపట్టా పరిచి ఉంది. పక్కన పెద్ద గంప, గంప దగ్గర తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటున్న ఒకాయన. పేరు నాంచారయ్య. పిన్నిగారి పుట్టింటి ఊరివాడు. చుట్టరికం లేదు గాని ఆవిడని అక్కా అనేవాడు. కాలవ గట్టు పక్కన అతనికి ఎకరంపావు మెరక ఉండేది. చుట్టూ వరి, మధ్యలో ఆ ఎత్తు నేల మీద కూరగాయలు. ప్రతి సోమవారం మొదటి బస్సు మీద గంప వేసుకుని వచ్చేవాడు. ఇది కావాలి, అది కావాలి అని ఎవరూ అడగకూడదు. ఆ వారం నేల ఏమిస్తే అది. ఐదిళ్లూ నెలకింతని సమానంగా ఇచ్చేవాళ్లం.

గంప రాగానే పిన్నిగారు కింద కూర్చుని కుప్పలు పోసేవారు. రోజుకొక కుప్ప. మొదటి దానిలో తోటకూరో గోంగూరో. రెండో రోజుకి బెండ, బీర. ఆ తర్వాత వంకాయ, పొట్ల. శుక్రవారానికి దొండ, శనివారానికి దోసకాయో గుమ్మడి ముక్కో కందో. ఏది ముందు వాడుతుందో దాన్ని ముందు వండాలి, అంతే. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఆ వరస వెంటనే నచ్చింది. కాని కుప్పలు ఆరే ఉన్నాయి. ఏడో చోట పట్టా ఖాళీ.

"ఆదివారానికి ఏం లేదేంటండీ?"

"ఆదివారం ఎవరొస్తారో, ఏం తెస్తారో! ఏడు రోజులూ మనమే నింపేసుకుంటే వచ్చేవాడికి చోటెక్కడమ్మాయ్?"

నాంచారయ్య పొట్లకాయలకి రాళ్లు అలాగే ఉండేవి. కోసేటప్పుడు విప్పేయడం అందరి పద్ధతి. బస్సు అందుకోవాలని ఇతను గబగబా కోసి గంపలో వేసేవాడు. పిన్నిగారు ఒక్కొక్కటీ విప్పి, కడిగి, పాతగుడ్డలో మూటకట్టి మళ్లీ సోమవారం ఇచ్చేసేవారు. "కృష్ణలో రాళ్లకి కరువా అక్కా?" అనేవాడు. "రాళ్లకి లేదు. సరైన బరువున్న రాళ్లకి ఉంది" అనేవారావిడ.

మేం వచ్చిన ఆరో ఏట శ్రావణంలో గాలివాన కొట్టింది. ఆ వారం నాంచారయ్య బుధవారం వచ్చాడు. గంపతో కాదు, ట్రాలీ నిండా పొట్లకాయలతో.

"పందిరి మొత్తం పడిపోయిందక్కా. తీగె తెగాక కాయ నిలవదుగా, ఉన్నదంతా కోసేశా. ఇక్కడ మార్కెట్లో అడిగిన రేటుకి గుంజలు కూడా రావు. ఈ ఏడు మళ్లీ పందిరి వెయ్యకపోతే ఇంక వెయ్యలేను."

పిన్నిగారు ఐదు వాటాలవాళ్లనీ పిలిచారు. వారమంతా పొట్లకాయే, నెల డబ్బు కాక, వీటికి బజార్లో మామూలుగా ఉండే ధర ఇద్దాం అన్నారు. మూడో వాటాలో సుందరరావు మాస్టారని ఉండేవారు. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ గుడ్డు లేనిదే ముద్ద దిగదు ఆయనకి. పొట్లకాయా గుడ్డూ కలిపి తినకూడదని మా వైపు గట్టి నమ్మకం.

"అంటే పిన్నిగారూ, వారమంతా నాకు గుడ్డు లేనట్టేనా?"

"ఆదివారం తిందురుగాని మాస్టారూ. ఆ రోజు ఎటూ ఖాళీయే."

"ప్రభువు నలభై దినాలు ఉపవాసం ఉన్నాడు, నేను నాలుగు రోజులు ఉండలేనా" అని ఆయన ఒక మోపు చంకన పెట్టుకుని వెళ్లారు. ఆయన పుచ్చుకున్నాక మిగతావాళ్లు కాదనలేకపోయారు.

ఆ సాయంత్రం పిన్నిగారు వారానికి వంట పంచిపెట్టారు. ఒక రోజు పాలు పోసి కూర, ఒక రోజు పెసరపప్పు వేసి, ఒక రోజు నువ్వులపొడితో, ఒక రోజు చక్రాలు తరిగి శనగపిండిలో ముంచి. పూటపూటకీ పెరుగుపచ్చడి. ఇరుగుపొరుగు వీధుల్లో తెలిసినవాళ్లందరికీ అదే ధరకి మా పిల్లలు కాయలు మోశారు. శనివారానికి ట్రాలీడు కాయలూ అయిపోయాయి. మావారు నాలుగో రోజు కంచం ముందు కూర్చుని, "నేను కూడా మెలితిరుగుతున్నానేమో చూడు" అన్నారు. నెల తిరక్కుండా పందిరి మళ్లీ లేచింది. ఆ కార్తీకంలో వనభోజనాలకి మమ్మల్నందర్నీ ఆ మెరక మీదికే తీసుకెళ్లాడు నాంచారయ్య. మాస్టారు ఒక గుంజని తట్టి, "ఇది నాది. గుడ్లు మానేసి నిలబెట్టాను" అన్నారు.

తర్వాత పదమూడేళ్లు గంప తప్పలేదు. ఈలోగా మెరక చుట్టూ వరి పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. మొదట పడమర, తర్వాత ఉత్తరం. ఉప్పు ఊట కింది నుంచి ఎక్కి బీరపాదులు అంచుల్లో మాడుతున్నాయని అతనే చెప్పాడు. "ఏదో వస్తోందిలే అక్కా" అన్నాడు. గంప మాత్రం నిండుగానే వచ్చేది.

ఒక సోమవారం కుప్పలు పోస్తూ పిన్నిగారు పొట్లకాయ చేతిలోకి తీసుకున్నారు. పొట్టిగా ఉంది, కొద్దిగా వంకర ఉంది. చివరిదాకా వేలితో తడిమారు. రాయి లేదు. దారం కట్టిన నొక్కు కూడా లేదు. ఇంకోటి తీశారు, అదీ అంతే. నేను పక్కనే కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూశారు, నేను ఆవిడ వైపు చూశాను. మా సందు చివర మార్కెట్లో అంతకు ముందు రోజు నేను చూసిన కాయలు అవే. నాంచారయ్య బస్సు దిగి, అక్కడ కొని, తన గంపలో సర్దుకుని తెస్తున్నాడు.

ఆవిడ కాయల్ని గురువారం కుప్పలో పెట్టారు. పాత రాళ్ల మూట ఎప్పటిలాగే ఇచ్చారు. అతను ఎప్పటిలాగే పుచ్చుకున్నాడు.

"చెప్పేయండి పిన్నిగారూ, పాపం చేతి డబ్బు పోగొట్టుకుంటున్నాడు" అన్నాను, అతను వెళ్లాక.

"ఏమని చెప్పను? నీ పొలం పోయిందని నేను చెప్పాలా వాడికి? ఇరవై ఏళ్లుగా సోమవారం అక్కింటికి గంప తెచ్చే మనిషి. గంప వద్దంటే వాడేమైపోతాడు? వద్దనకపోతే మాత్రం ఏమైపోతాడు?"

ఆరు సోమవారాలు అలాగే గడిచాయి. ఆవిడ సరిగ్గా నిద్రపోలేదని నాకు తెలుసు. ఏడో సోమవారం నాంచారయ్య రాళ్ల మూట తిరిగి తెచ్చి గుమ్మం మీద పెట్టాడు. పిన్నిగారు గంప విప్పకుండానే, "తమ్ముడూ, వచ్చే వారం నించి గంప వద్దురా" అన్నారు.

"ఏం అక్కా, సరుకు బాగోలేదా?"

"సరుక్కేం, బంగారంలా ఉంది. నా మోకాళ్లే బాగోలేవు. కింద కూర్చుని కుప్పలు పొయ్యలేకపోతున్నా."

అతను తలొంచుకున్నాడు. "మరి సోమవారం?"

"సోమవారం మానేస్తే ఊరుకుంటానా? చేతులూపుకుంటూ రా. నీకోసం ఒక కుప్ప ఎప్పుడూ ఖాళీగానే ఉంచాగా, కూర్చుని అన్నం తినేసి వెళ్లు."

"రాళ్లు, అక్కా?"

"నా దగ్గరుంటాయి. మళ్లీ పందిరేసినప్పుడు పట్టుకుపోదువుగాని."

అప్పుడు తెలిసింది అతనికి, ఆవిడకి అంతా తెలుసని. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. ఆ పూట వంట పొట్లకాయ పాలుపోసిన కూరే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. "ఉప్పు తక్కువైందిరా" అన్నారావిడ. "ఉప్పు సంగతి నాకు చెప్పకక్కా" అన్నాడతను. ఇద్దరూ నవ్వారు.

తర్వాత నాలుగేళ్లు ఉత్త చేతులతో వచ్చాడు. ఐదో ఏడు రాలేదు. కబురు వచ్చింది. ఆ మరుసటి ఏడు పిన్నిగారు పోయారు. ఇల్లు అమ్మేటప్పుడు వంటిల్లు సర్దుతూ ఆవిడ కోడలు, "ఈ రాళ్లేంటండీ?" అని నన్నడిగింది. నేను తెచ్చుకున్నాను.

ఇప్పటికీ నేను ఆదివారం వారం వంట ఆలోచించను. సోమవారం బండి వచ్చాక, ఏముందో చూశాక, నేల మీద కూర్చోలేక బల్ల మీద కుప్పలు పోస్తాను. ఇంట్లో ఇద్దరమే కాబట్టి చిన్న కుప్పలు. ఆరే.

మొన్న ఆ కాయ రాయి విప్పి మిగతా రాళ్లతో కలిపి మూటకట్టాను. ఎల్లుండి సోమవారం బండి అమ్మాయికి ఇస్తాను. కంకిపాడు అవతల పందిరి వేసిన ఆయనకి ఇమ్మంటాను. నవ్వితే నవ్వనీ.

పోయినవాటి లెక్క ఇది. మెరక, ఎకరంపావు. పందిరి, ఒకటి, దానిలో మాస్టారి గుంజ, ఒకటి. ఐదు వాటాల ఇల్లు, ఒకటి. గంప, ఒకటి. అక్క ఒకరు, తమ్ముడు ఒకరు. రాళ్లు మొన్నటి దానితో కలిపి ఇరవై నాలుగు. వాటిని ఈ లెక్కలో వేయలేదు.