మేస్త్రి తట్టి చూసిన కొండ

దేన్ని చూసినా వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వినేవాడాయన. టీకొట్టు బల్లనైనా, బస్సు సీటునైనా సరే. ఐరాల దగ్గర సిమెంటు బొమ్మలు చేసే మేస్త్రి. తిరుపతిలో మా రోలర్ కోస్టర్ పిచ్చోళ్ల వాట్సాప్ గ్రూపుకు ఆయనే పెద్ద. రైడెక్కితే మాత్రం అందరికన్నా గట్టిగా కేకలేసేవాడు.

కొత్త పార్కులో కోస్టర్ వచ్చినప్పుడు గ్రూపులో ఒకటే గొడవ. డెబ్బై సెకన్లకే అయిపోతే అదేం రైడని కొందరు. పట్టాల చుట్టూ కట్టిన ఆ కొండను చూడండప్పా, నిజం కొండలాగే ఉండాదని నేను. అట్లా నిజమనిపించే అలంకరణను మేం థీమింగ్ అంటాం; ఫోటోలో కొండ మీది పగులుకు పదికి పది మార్కులు వేసినాను.

అందరం కలిసి పోయినాం. క్యూలో ఆ పగులు దగ్గరికి రాగానే, "ఎంత బాగా చేసినారో సూడు మేస్త్రీ" అన్నాను. ఆయన తట్టి విన్నాడు. మళ్లీ తట్టినాడు.

"ఈ కొండకు సిమెంటు పూసినోళ్లలో నేనూ ఉండాను. ఈ పగులు మేం పెట్టింది కాదబ్బా."

గేటు దగ్గరాయనకు చెప్తే, "డిజైనే అంతన్నా" అని నవ్వినాడు. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని బయటికి లాగినాడు. రెండు గంటలు నిలబడినాం గదా, విడిపించుకుని ఎక్కేసినాను. డెబ్బై సెకన్లే అయినా, అంత పొడుగు రైడు నేనెప్పుడూ ఎక్కలేదు.

ఆ సాయంత్రమే ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయినాడు.

నిన్న ఎవరో కొత్త ఫోటో పెట్టినారు. పగులు జానెడు పెరిగింది. "థీమింగ్ ఇంకా బాగా చేసినారు" అని కింద రాసినారు.

నేను ఫోన్ తెర మీది ఆ పగులును వేలి కణుపులతో రెండుసార్లు తట్టినాను.