ఈ పూటకింతేనండీ

ఏలూరులో తివాచీలు నేసే ఆవిడను తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే. మా ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఫైబ్రోమయాల్జియా. ఒళ్లంతా నొప్పులు, పడుకుని లేచినా తీరని అలసట. పరీక్షల్లో మాత్రం ఏమీ కనబడదు. కనబడని నొప్పి అబద్ధమని ఏ శాస్త్రంలో రాశారో, నేను చదివిన పుస్తకాల్లో మాత్రం లేదు. అయినా మా ఇంట్లో నన్ను ఏళ్ల తరబడి బద్ధకస్తుడి కిందే జమకట్టారు.

డాక్టరు గారి దగ్గర ఆవిడతో పరిచయమై, ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. భార్యాభర్తలు ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని ఉన్ని ముడులు వేస్తున్నారు. వరస ఆ చివరి దాకా నిండితేగాని పై వరస మొదలుకాదు. మధ్యలో ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఈ పూటకింతేనండీ" అంది. సంజాయిషీ లేదు, మొహమాటమూ లేదు. వెంటనే ఆయనా దారం వదిలేశాడు.

"మీరు నెయ్యొచ్చు కదండీ?" అన్నాను ఉండబట్టలేక.

"నా వైపే లేపుకుంటూ పోతే తివాచీ వంకరపోద్దండీ" అని నవ్వాడాయన. "ఆవిడ చెయ్యి లేచినప్పుడే నాకూ పని."

ఆవిడకు నొప్పి తగ్గిందని కాదు నా ఏడుపు. ఆవిడ ఆగితే పక్కన ఇంకొకరు ఆగుతున్నారని.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో ఇంటికి చేరేసరికి, గుమ్మంలో మంచినీళ్ల టిన్ను ఉంది. లోపల పెట్టమంది మా ఆవిడ. నేనూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఈ పూటకింతేనే."

"పొద్దున్నుంచీ ఏం చేశారనండీ?" అంటూ టిన్ను తనే ఈడ్చుకుపోయింది.